నా వెనక ఎవరూ లేరు

ఆదివారం పొద్దున కొత్తగూడ చౌరస్తాలో టిఫిన్ బండి ముందు వరసగా జీపులు ఆగాయంటే, అది పార్థసారథి గారి క్లబ్బే. వారమంతా హైటెక్ సిటీ అద్దాల మేడల్లో ఏసీ కింద ముడుచుకు కూర్చునే జనం. సెలవు రాగానే పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకుని, ఎక్కడ రోడ్డు లేదో అక్కడికి పోయి, బండ్లను బురదలో దించి, మళ్లీ పైకి లాక్కుని మురిసిపోతారు. ఎవరి సరదా వాళ్లది.

మధుకర్ ఆ క్లబ్బులో చేరి ఏడాది కాలేదు. పుట్టి పెరిగింది బోరబండలో. ఇప్పుడు కొత్తగూడలో ఫ్లాటు, సెకండ్ హ్యాండ్ జీపు. ఆ రోజు మొదటిసారి వరసలో చివరి బండిగా నడిచే బాధ్యత అతనికి ఇచ్చారు.

"నమ్మకమున్నోళ్లకే ఇస్తరు తెలుసా" అని ముందు రోజే భార్య ప్రశాంతి దగ్గర గొప్పలు పోయాడు.

"గదంతా నాకెందుకు? నాకు డ్యూటీ ఉంది, నేను వస్తలేను. పింకీని కండ్ల ముంగట ఉంచుకో, గంతే."

"ఫికర్ చెయ్యకు" అన్నాడు మధుకర్. అనడానికేం, ఎంత సులువో.

క్లబ్బుకి ఒక నియమం ఉంది. ఎవరి వెనక బండికి వాళ్లే పూచీ. మలుపు వచ్చిన ప్రతిచోటా, వెనక బండి కనబడేదాకా ముందు బండి కదలకూడదు. వాకీటాకీలో అందరూ వరసగా "వెనక బండి కనబడుతోంది" అని చెప్పాలి. చివరి బండివాడు మాత్రం "నా వెనక ఎవరూ లేరు" అనాలి. ఆ మాట వినబడ్డాకే అందరూ బయలుదేరతారు.

ఈ నియమం పెట్టుకున్నది క్లబ్బులో అందరికంటే పెద్దవాడు కామేశ్వరరావు పోయాక. కొన్నేళ్ల కిందట ఒక వానాకాలంలో, ఒక్క లైటే వెలిగే ఆ పెద్దాయన జీపు వాగు దగ్గర వెనకబడితే ఎవరూ ఆగలేదు. జీపు వాగులో కొట్టుకుపోయి కింది పొలాల్లో దొరికింది. ఆయన దొరకలేదు. మళ్లీ ఆ వాగుకే పోతారా అంటే, పోతారు. ఊరికి దగ్గర్లో దానికంటే మంచి బురద లేదు మరి.

వాగు దగ్గర పగలంతా బాగానే గడిచింది. పిల్లలు రాళ్ల మీద ఆడుకున్నారు. పొద్దు వాలుతుంటే పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. తడి మట్టి వాసన, దానిలోనే కుళ్లిన ఆకుల వాసన. వాగు చప్పుడు కాస్త పెరిగింది. అందరూ హడావిడిగా బండ్లెక్కారు. మధుకర్ కూతురు పింకీ వచ్చేటప్పుడు తేజ, ఉమాశ్రీల బండిలో, వాళ్ల అబ్బాయి లోహిత్‌తో కూర్చుంది. ఇప్పుడూ అక్కడే ఉండుంటుందని అతను తన బండి తీశాడు.

మొదటి మలుపు. వాకీటాకీ గరగరమంది. ఒక్కొక్కరే చెబుతున్నారు. కనబడుతోంది... కనబడుతోంది... మధుకర్ వంతు వచ్చింది. అలవాటుగా అద్దంలోకి చూశాడు.

వెనక వానలో ఒక లైటు.

పసుపుపచ్చగా, ఊగుతూ, వాగు దిక్కు నుంచి వస్తోంది.

"సార్, నా వెనక ఒక బండి ఉంది" అన్నాడు.



"ఎన్ని లైట్లండీ?" పార్థసారథి గొంతు సన్నబడింది.

"ఒక్కటే సార్."

"మధుకర్ గారూ... ఎవరూ లేరని చెప్పండి. దయచేసి ఆ మాట అనండి. ఉందన్నారంటే దాని కోసం ఆగాలి."

ఆ మాట అనే ముందు మధుకర్‌కి కూతురు గుర్తొచ్చింది. "ఉమాశ్రీ గారూ, పింకీ పండుకుందా?"

"ఇక్కడ లేదండీ! మీ బండిలోనే వస్తానని దిగిపోయిందిగా..."

అతను వెనక సీటు చూశాడు. ఖాళీ.

వాకీటాకీ మళ్లీ పలికింది. చిన్న గొంతు. ముద్దుముద్దుగా, నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పినట్టు...

"నా వెనక ఎవరూ లేరు డాడీ."

మధుకర్ జీపును వెనక్కి తిప్పాడు. తిప్పగానే ఆ లైటు ఆరిపోయింది. వాగు ఒడ్డుకు వచ్చి, దిగి, పేరు పెట్టి అరుస్తూ పరిగెత్తాడు. పింకీ రాయి మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, కదలకుండా. అమాంతం ఎత్తుకుని గుండెకు హత్తుకుని ఏడ్చేశాడు. అంత వానలోనూ ఆమె తల తడవలేదు. బూట్లకు బురద లేదు. అతను చూశాడు. బిడ్డ దొరికిన తండ్రి అవన్నీ పట్టించుకుంటాడా?

ఆమెను పక్క సీట్లో కూర్చోబెట్టి మలుపు దగ్గరికి వచ్చాడు. మిగతా బండ్లు అక్కడే ఆగి ఉన్నాయి.

"దొరికింది సార్... పింకీ దొరికింది."

"హమ్మయ్య. వెనక, మధుకర్ గారూ?"

అద్దంలో చూశాడు. ఆ ఒంటిలైటు మళ్లీ వెలిగింది. ఈసారి దగ్గరికి రావడం లేదు. వాగు అవతలి ఒడ్డున నిలబడి వెలుగుతోంది, ఆరుతోంది. వెలుగుతోంది, ఆరుతోంది. ఆగమని బతిమాలుతున్నట్టు.

మధుకర్ కళ్లు మూసుకున్నాడు.

"నా వెనక ఎవరూ లేరు."

బండ్లు కదిలాయి.

లింగంపల్లి దాకా వరసగానే వచ్చారు. తర్వాత ఎవరి దారిన వాళ్లు పోయారు. పింకీ దారి పొడవునా కళ్లు మూసుకునే ఉంది. జీపులో వాగునీళ్ల వాసన పోలేదు. అద్దాలు దించినా పోలేదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి ఆపేసరికి లిఫ్టు దగ్గర ప్రశాంతి నిలబడి ఉంది. దూరం నుంచే నవ్వుతూ చెయ్యి ఊపింది. మధుకర్ ప్రాణం అప్పుడు కుదుటపడింది.

అంతలో వాకీటాకీ గరగరమంది. నాలుగైదు మైళ్లు దాటితే పలకని వస్తువది. ఆ సెల్లార్‌లో ఫోనే మోగదు.

వాన చప్పుడు. దాని వెనక వెక్కిళ్లు.

"డాడీ... ఆగు డాడీ. నీళ్లొస్తున్నయ్. తాత బండి కదుల్తలేదు... నీ లైట్లు కనబడ్తలేవు..."

మధుకర్ తల తిప్పలేకపోయాడు. పక్క సీట్లో పింకీ మెల్లగా కళ్లు తెరిచింది. వాకీటాకీ తీసి, మెత్తగా, అతని నోటి దగ్గర పెట్టింది.

"చెప్పు డాడీ" అంది. "వెనక ఎవరూ లేరని చెప్పు."