బానెట్ కింద ఆనించిన బొంగు

మరిది అంబదాస్ తల బానెట్ కింద ఉన్నప్పుడు, దానికి ఆనించిన వెదురు బొంగును ఒక్క గుంజు గుంజుదామని వినోదకు అనిపించింది. ఈ మాట ఆమె ఇప్పటిదాకా నోరు తెరిచి ఎవ్వరితోనూ అనలేదు. అనిపించింది, అంతే. గుంజలేదు. గుంజలేదనే ఆమె నమ్మకం.

ఆ రోజు పొద్దు గూకేవేళ వదినా మరిదీ ఇద్దరూ సిర్గాపూర్‌లో టమాట గంపలు దింపి నారాయణఖేడ్‌కు తిరిగి వస్తున్నారు. సన్నగా ముసురు పడుతోంది. రోడ్డుకు రెండు పక్కలా కంది చేలు నల్లగా తడిసి ఉన్నాయి. పికప్ నడుపుతున్నది వినోద. పక్క సీట్లో అంబదాస్, కాళ్లు పైకి చాపి డాష్‌బోర్డు మీద పెట్టుకున్నాడు.

బండి ఆమె పెనిమిటి బాలకిషన్‌ది. హోళీకి ముందు పచ్చకామెర్లు ముదిరి దవాఖానలోనే పోయాడు. బతికున్నన్నాళ్లూ ఆమెను స్టీరింగ్ ముట్టనిస్తే ఒట్టు. "ఆడిదాని చెయ్యి తగిల్తే బండి కూసుంటది" అనేవాడు. ఒకసారి ఉత్తగా హారన్ కొట్టిందని చెంప పగలగొట్టాడు. అతను పోయినంక జొన్న కోసిన చేనులో, ఎవరూ చూడని వేళ, తనకు తానే నేర్చుకుంది. ఇప్పుడు ఆమె నోట్లోకి నాలుగు మెతుకులు పోతున్నాయంటే ఈ బండి వల్లే.

"రేపు బీదర్ తీస్కపోత. బండి కొనేటందుకు గిరాకి దొరికిండు," అన్నాడు అంబదాస్.

"బండి నాది."

"మా అన్నది. నువ్వు నడుమల వచ్చినదానివి."

"నడుమల వచ్చినదాని బండిల కాళ్లు సాపుకొని ఎట్ల కూసున్నవ్? దిగు, నడిసి రా."

"నడుపు వదినె, నడుపు. గీ ఒక్కరోజు ముచ్చటే గద."

వినోద పళ్లు కొరుక్కుంది. బండి కూడా కొరుక్కున్నట్టే అయింది. కాలువ మీది మోరీ దాటగానే ముందు నుంచి తెల్లగా పొగ లేచింది. ఇంజన్ కాగిపోయింది.

ఆ బానెట్ మామూలుది కాదు. ఎన్నడో ఎడ్లబండిని గుద్ది అది నలిగిపోతే, బాలకిషన్ కొత్తది కొనకుండా పైన మందపు ఇనుప రేకు వేయించి వెల్డింగ్ పెట్టించాడు. అప్పటి నుంచి దాన్ని లేపాలంటే ఇద్దరు కావాలి. లేపినంక ఆపిపట్టే కడ్డీ కూడా విరిగిపోయింది. ఏదో ఒక కట్టె ఆనించి పని కానిచ్చుకోవడమే.

ఇద్దరూ కలిసి మూలుగుతూ లేపారు. అంబదాస్ వెనక నుంచి ఒక బొంగు తెచ్చి కింద నిలబెట్టాడు. లావుగా, గట్టిగా ఉంది. దాన్ని వినోద ఎన్నడూ చూడలేదు. మధ్యలో కొబ్బరితాడు ముడి ఒకటి అట్లాగే ఉంది. ముడి పసుప్పచ్చగా ఉంది. అందులో బంతిపూవు రెక్క ఒకటి ఎండి అతుక్కుంది.

"గీ బొంగు ఏడికెళ్లి తెచ్చినవ్?"

"బొందలగడ్డకెళ్లి." అంబదాస్ ఇకిలించాడు. "అన్న పాడెది. గొడ్డలితోటి పలగ్గొడుతుంటే ఒకటి పక్కకు వెట్టిన. ఇంటికాడ సైజుకు కోసిన. ఏం బొంగు గది! ఉత్తగ కుళ్లవెడ్తమా?"

వినోద ఒక అడుగు వెనక్కి వేసింది. పీనుగను దింపినంక పాడె కట్టెలు విరగ్గొట్టి అక్కడే వదిలి రావడం ఆ చుట్టుపక్కల చిన్న పిల్లలకు కూడా తెలుసు. మోసిన కట్టె ఇంటికొస్తే, దాని మీద పోయినవాడు కూడా వస్తాడు.

"తీసెయ్. గిప్పుడే తీసెయ్."

"తీస్తే బానెట్ నీ నెత్తిన పెట్టుకుంటవా? బొంగు జారుతుంది, గట్టిగ పట్టు."

పట్టుకుంది. అతను తల లోపలికి పెట్టి సీసాతో నీళ్లు పోస్తున్నాడు. మెడ బయటికి కనబడుతోంది. అప్పుడే ఆ ఆలోచన వచ్చింది... ఒక్క గుంజు. రేపు బీదర్ ఉండదు, గిరాకి ఉండడు.

ఆ ఆలోచన వచ్చిన మరుక్షణం చేతిలోని బొంగు వెచ్చబడింది. ఇంజన్ వేడి కాదు. ఎవరి చంకలోంచో తీసినట్టు చెమ్మగా, వెచ్చగా. కాలిన ఆయిలు కంపు పోయి, పసుపు, ఊదుబత్తులు, తడిసిన బంతిపూల వాసన వచ్చింది.

"అంబదాస్... జల్దీ."

"అయిపాయె. ఇగ మెల్లగ దించుదం." తల బయటికి తీసి, బానెట్ అంచు పట్టుకున్నాడు. బరువుకు చేతులు వణికాయి. అయినా నవ్వాడు. "అన్నా! జర పట్టరాదూ, బండి నీదే గద!"

"పిలువకు!" అంది వినోద.

పాడెను బొందలగడ్డకు మోసుకపోతూ నడుమ ఒకచోట దింపుతారు. దింపుడు కల్లం. చచ్చినవాడి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పలుకుతాడేమోనని ఆశ. ఎవరూ పలకరు. మళ్లీ ఎత్తుకొని పోతారు. ఆ రోజు బాలకిషన్ చెవిలో పిలిచింది కూడా ఈ అంబదాసే. ఇప్పుడు అదే కట్టె మీది బరువు దింపుతూ...

"భయమైతుందా వదినె? ఓ అన్నా!"

"నీ కాళ్లు మొక్కుత..."

"అన్నా!"

"ఊఁ."

ఇంజన్ లోపల నుంచి. నిద్ర చెడగొడితే విసుక్కున్నట్టు.

బానెట్ పడింది.

అంబదాస్ అరుపుకు చేలలోని పిట్టలన్నీ లేచిపోయాయి. కుడి చెయ్యి మణికట్టు దాకా లోపలే ఉండిపోయింది. "కట్టె ఎందుకు గుంజినవే!" అని కేకలు. వినోద చూసుకుంది. బొంగు ఆమె చేతుల్లోనే ఉంది. ఎప్పుడు వచ్చిందో... ఎట్లా వచ్చిందో...

దాన్ని పారేసి రెండు చేతులతో బానెట్ లేపబోయింది. కదల్లేదు. దాని బరువు ఆమెకు తెలుసు. ఈ బరువు వేరు. దాని మీద ఇంకొకరు ఉన్నట్టు.

అంబదాస్ కేకలు ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"వదినె..."

"ఏంది?"

"లోపట... నా చెయ్యి పట్టుకున్నరు."

"ఇరికింది, గంతే."

"కాదు... వేళ్ల నడుమ వేళ్లు పెట్టిండు."

చెవి రేకుకు ఆనించాడు. వింటున్నాడు. ముసురు చప్పుడు తప్ప వినోదకు ఏమీ వినబడలేదు.

"అడుగుతుండు," అన్నాడు మెల్లగా.

"ఏమని?"

"తాను పోయినంక... బండి ఎవలు నడుపుతుండ్రని."

వినోద అతని భుజం పట్టుకుంది. "చెప్పకు. అంబదాస్... చెప్పకు."

అతను ఆమె వైపు చూశాడు. ఇందాక బండికి బేరం పెట్టిన కళ్లే అవి. తర్వాత పెదవులు రేకుకు ఆనించాడు.

"వదినె. వినోద వదినె నడుపుతుంది."

టక్... బానెట్ జానెడు లేచింది. అంబదాస్ చెయ్యి లాక్కున్నాడు. ఎక్కడా గాయం లేదు. వేళ్ల సందుల్లో మాత్రం పసుపు. దాన్ని చూసుకొని, వెనక్కి తిరగకుండా సిర్గాపూర్ దిక్కు ఉరికాడు.

"అంబదాస్! ఒరేయ్!"

బురదలో అడుగుల చప్పుడు కాసేపు వినబడింది. తర్వాత అదీ లేదు.

కింద ఏ కట్టే లేకుండా బానెట్ అట్లాగే జానెడు తెరుచుకొని ఉంది. కాసేపటికి దానంతట అదే దిగింది. మూస్తే వాడకట్టంతా ఉలిక్కిపడేలా మోగే ఇనుము, నిద్రపోయిన పిల్లను చాప మీద వేసినట్టు మెత్తగా మూసుకుంది.

వాన పెరిగింది. కాబిన్ మీద, చక్రాల మీద, వినోద నెత్తి మీద పడుతోంది. బానెట్ మీద కూడా పడుతోంది... ఒక్క జాగలో తప్ప. మోకాళ్లు ముడుచుకొని మనిషి పండుకున్నంత జాగ, పొడిగా.

ఉరికితే? బండి ఇక్కడ, తాను అక్కడ. కానీ అంబదాస్ తన పేరు చెప్పేశాడు. ఇల్లు బాలకిషన్‌కు తెలియనిదా? మూడు పిలుపులకు పలకకపోతే ఏం చేయాలో అందరికీ తెలుసు. పలికితే ఏం చేయాలో ఎవరికి తెలుసు?

అత్త రామవ్వ గుర్తొచ్చింది. పాడె లేచిన రోజు "నా కొడుకును మింగినవ్" అని వినోద మొహాన మన్ను కొట్టిన మనిషి. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆమెతో చెప్పాలంటే బొంగు సంగతి చెప్పాలి. అది తన చేతుల్లోకి ఎట్లా వచ్చిందో, అప్పుడు మనసులో ఏముండెనో అదీ చెప్పాలి. చెబితే బండి ఇక తనది కాదు.

కానీ వాణ్ని పో కొడుకా అని సాగనంపగలిగేది ఎవరైనా ఉంటే, కన్నతల్లి ఒక్కతే.

చూస్తుండగానే ఆ పొడి జాగ మెల్లగా ఇటు వైపు పొర్లింది.

తిడితే తిట్టనీ, బండి పోతే పోనీ. వినోద ఫోన్‌ను కొంగుతో తుడిచి, రామవ్వ నంబరు వెతికింది.