నొప్పి లేని కాలికి ఆపరేషన్

కండక్టరమ్మ గొంతు గురించి ఆ రూట్లో ఒక మాట ఉండేది. ఆమె "ముందుకు జరగండి" అని అరిస్తే బస్సులో జనమే కాదు, రోడ్డు పక్కన కరెంటు స్తంభాలు కూడా ఓ అడుగు జరుగుతాయని. జరగగా చూసినవాళ్ళు లేరు గానీ, ఆ స్తంభాలు కాస్త పక్కకి వాలి ఉన్న మాట మాత్రం నిజం.

అంతటి మనిషిని పట్టుకుని, ఎక్స్‌రే గదిలో ఒక కుర్రాడు "కదలొద్దు" అన్నాడు.

ఆమెకి నోట మాట రాలేదు. బుద్ధెరిగాక ఆమెకు ఆర్డరు వేసిన మగాడు మేనమామ ఒక్కడే. ఆయన అదే బస్సుకు డ్రైవరు. సగం ఆర్డర్లు హారన్‌తోనే వేస్తాడు.

"బూట్లు విప్పండి," అన్నాడు కుర్రాడు.

"విప్పక తప్పదా?"

"తప్పదండీ. బూట్లతో తీస్తే డాక్టరుగారు బూట్లకి వైద్యం చేస్తారు."

సిగ్గుపడుతూ విప్పింది. రెండు బొటనవేళ్ళూ పక్క వేళ్ళ మీదికి వాలిపోయి, వేలి మొదలు దగ్గర ఎముక గూనిలా పొడుచుకొచ్చింది. ఎడమది ఊరికే కనబడుతుందంతే. కుడిది మాత్రం సాయంత్రమయ్యేసరికి ఎవరో రోకలి పట్టుకుని దంచుతున్నట్టుంటుంది.

"నవ్వుతారేమో, నవ్వేయండి," అంది ముందే.

"నవ్వడమెందుకండీ? రోజంతా అంత జనం మధ్య నిలబడ్డ కాళ్ళు. చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తోంది."

ఆమె మళ్ళీ అవాక్కయింది. ఒకే గదిలో రెండుసార్లు!

"ఈ ఎడమకాలి చిటికెనవేలు కూడా వంకరగా ఉందేంటండీ?"

"చిన్నప్పుడు తలుపు సందులో పెట్టా."

"అయ్యో, విరిగిందా?"

"తలుపా? విరిగింది."

కుర్రాడు పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. చీకటింటి కప్పు ఎగిరిపోయి ఎండ పడ్డట్టుంది ఆ నవ్వు. ఏది ఏ కాలో తెలియడానికి పక్కన కుడి, ఎడమ గుర్తులున్న సీసం బిళ్ళలు పెట్టి ఫోటో తీస్తారు కదా, ఆ పని అతని చేతులే చేసుకుపోయాయి. అతని బుర్ర అక్కడ లేదు.

ఆ సాయంత్రం డాక్టరుగారు ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూసి, ముక్కు మీది కళ్ళజోడు సర్దుకున్నారు.

"నొప్పి ఏ కాలికన్నావమ్మా?"

"కుడికాలికండీ."

"వింతే! పైకి రెండూ ఒకలాగే ఉన్నాయి గానీ, లోపల ఎడమదే బాగా వంగిపోయింది. రెండూ చేసేద్దాం."

"నొప్పి లేని కాలికి ఆపరేషనా!"

"ఇవాళ లేదు, రేపొస్తుంది. ఒక కాలైతే ఆరు వారాలు. రెండు కాళ్ళైతే చాలా నెలలు. ఆ తర్వాత కూడా ఈ నిలబడే ఉద్యోగం వద్దు. ఆలోచించుకుని చెప్పు."

నిలబడే ఉద్యోగం కాకపోతే డిపోలో ఇంకొకటే ఉంది. ప్రయాణికులు మరిచిపోయిన గొడుగులకి కాపలా కూర్చోవడం. కిటికీ కూడా లేని గది.

"వద్దే అమ్మడూ," అన్నాడు మేనమామ, మర్నాడు బస్సు తుడుస్తూ. "మీ అమ్మమ్మ ఆ గూని వేళ్ళతోనే ఎనభై ఏళ్ళు నడవలేదూ?"

"నడిచింది. రాత్రి ఏడ్చేది కూడా. నువ్వు చూళ్ళేదు మావయ్యా, కాళ్ళు పట్టింది నేను."

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. కన్నతల్లి ఏడ్చేదని ఆయనకి తెలియడం అదే మొదటిసారి.

"మరేం చేస్తావే?"

"రెండూ చేయించుకుంటా. డ్యూటీ దిగాక ఫోన్ చేసి చెప్పేస్తా." ఆ మాట అంటున్నప్పుడు కరెంటు స్తంభాల్ని కదిలించిన గొంతు కాస్తా దీపంలా వణికింది.

మధ్యాహ్నానికి వాన దంచి కొట్టింది. స్టాపు దాటాక, కదిలే బస్సు వెనక ఒక మనిషి పరుగెత్తుకొస్తున్నాడు. జనం కేకలేస్తే మేనమామ బ్రేకు తొక్కాడు. నిలువునా తడిసి ఎక్కిన మనిషిని చూసి ఆమె తెల్లబోయింది. ఎక్స్‌రే కుర్రాడు!

"టికెట్?"

"రెండు కాళ్ళూ వద్దండీ!"

బస్సంతా నోళ్ళు వెళ్ళబెట్టింది.

"ఒక్కటి చాలండీ, కుడికాలు ఒక్కటే! తప్పు నాది. బిళ్ళలు తారుమారు చేశాను. ఇందాక మీ ఫిల్ము మళ్ళీ చూస్తే, ఆ వంకర చిటికెనవేలు కుడికాలి ఫోటోలో ఉంది. నేను చూసింది ఎడమకాలికి కదా! నా గుండె ఆగిపోయింది."

ఆమెకైతే గుండె ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగింది.

"అంటే... నా మంచి కాలు కోసేవాళ్ళా?"

"డాక్టరుగారితో చెప్పేశానండీ. చెడామడా తిట్టి, పనిలోంచి పది రోజులు ఇంటికి పంపారు. మీకు వేరేవాళ్ళు మళ్ళీ ఫోటో తీస్తారు."

"బుద్ధుందా? అంత పని చేస్తూ కళ్ళెక్కడ పెట్టుకున్నారు?"

కుర్రాడు తల దించుకున్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. "మీరు నవ్వారండీ," అన్నాడు మెల్లగా.

వెనక సీటులో ఒక పెద్దావిడ "ఓరి నీ అసాధ్యం కూలా!" అంది.

మేనమామ అద్దంలోంచి చూశాడు. "ఒరే అబ్బాయ్, ఆరు వారాలు దీన్ని ఆస్పత్రికి తిప్పాలి. నేనేమో బస్సు వదిలి రాలేను."

"నేనున్నానండీ."

"పొరపాటున అంటున్నావా, తెలిసే అంటున్నావా?"

"తెలిసేనండీ. ఆరు వారాలే అని మాత్రం అనుకోవట్లేదు."

"దాన్నడుగు మరి. నేను డ్రైవర్ని, నన్నడుగుతావేం?" అని ఆయన గొంతు సవరించుకున్నాడు. ఒప్పుకున్నట్టే అనిపించింది అందరికీ.

కండక్టరమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. కోపం ఇంకా దిగలేదు. ఉద్యోగం పోతుందన్న భయం మాత్రం ఎప్పుడో దిగిపోయింది.

"ఇదిగో, వినండి. కత్తంటే నాకు భయం. ఎవరితోనూ అనలేదు. ఆపరేషన్ రోజు పొద్దున్నే మీరు మా గుమ్మంలో ఉంటే వస్తాను. లేకపోతే నా గూని నాతోనే ఉంటుంది."

"ముందురోజే వచ్చి కూర్చుంటానండీ!"

"అక్కర్లేదు, పొద్దున చాలు. మావయ్యా, పోనీ!"

బస్సు ఒక్క కుదుపుతో కదిలింది. ఆ కుదుపుకి, పదేళ్ళ సర్వీసులో ఏనాడూ దేన్నీ పట్టుకోకుండా నిలబడిన మనిషి, నొప్పి కాలు కాస్త పైకెత్తి, తడిసిన ఆ భుజం పట్టుకుంది. తర్వాతి స్టాపు వచ్చింది, దాటింది. చెయ్యి తీయలేదు.