చైర్మన్ గారి కరచాలనం

జెర్సీలు ఉతికించాలి. మ్యాట్ మందు వేసి తుడవాలి. టీవీ వాళ్లకు కరెంటు లైను లాగించాలి. చైర్మన్ గారికి శాలువా తేవాలి. ఏడుగురు అమ్మాయిల శ్వాసదీపాలూ ఛార్జింగ్ పెట్టాలి.

2068లో, మూడో మహమ్మారి ఏడాది, చంపావతి నది ఒడ్డున ఒక ప్రైవేటు కాలేజీలో కబడ్డీ ఫైనల్ రోజు పనులివి. శ్వాసదీపాన్ని కనిపెట్టింది అక్కడి బయోసెన్సర్ల లెక్చరర్ సత్యవేణి. మెడలో లాకెట్‌లా వేలాడే ఆ పరికరం, ఊపిరిలో వైరస్ ఉంటే ఎర్రగా, లేకపోతే పచ్చగా వెలుగుతుంది. ఎదుటివాళ్ల మొహాల మీదే కూత పెట్టే ఆటకు అంతకన్నా కావలసిందేముంది?

ఎర్రదీపం వెలిగితే మ్యాచ్ ఆగాలి. ఆగితే టీవీ వాళ్లు డబ్బు వెనక్కి అడుగుతారు. అందుకని చైర్మన్ దామోదరం గారు పొద్దున్నే కంట్రోల్ గదిలో ఒక్కరే కూర్చుని, దీపాలన్నీ పచ్చగానే ఉంచమని వాటిని నడిపే యంత్రాన్ని ఆదేశించారు.

"నిజం ఎవరికీ చెప్పవద్దా?" అని అడిగింది యంత్రం.

అవి ఫోన్లు పోయి ఉంగరాలొచ్చిన రోజులు. ఆయన తన వేలి ఉంగరం చూసుకున్నారు.

"వైరస్ ఉన్నవాళ్లు నా దగ్గరికొస్తే నా ఉంగరానికి చెప్పు. నా జాగ్రత్తలో నేనుండాలి కదా."

మధ్యాహ్నం రైడర్ పైడితల్లి సత్యవేణి దగ్గరికొచ్చింది.

"కూత నిలవట్లేదు మేడమ్. గుండెల మీద బండెట్టినట్టుంది."

దీపం చూస్తే పచ్చగానే ఉంది. అయినా ఆ పిల్లను ఆడించొద్దని సత్యవేణి చైర్మన్ గారిని బతిమాలింది. మీరు చేసిన యంత్రాన్ని మీరే నమ్మకపోతే ఎలాగమ్మా అని ఆయన నవ్వేశారు.

ఆటకు ముందు ముఖ్య అతిథి వరుస వెంట నడుస్తూ అందరికీ చేయి కలపడం ఆనవాయితీ. శాలువా ఇంకొకరికి పోవడం ఇష్టంలేక ఆ అతిథి కూడా దామోదరం గారే అయ్యారు. కెమెరా వైపు చూస్తూ ఆరుగురికి చేయి కలిపారు. ఏడో చేయి పైడితల్లిది. ఉంగరం చురుక్కుమంది. ఆయన చేయి లాక్కుని, శాలువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, నాలుగడుగులు వెనక్కి గెంతి, అక్కణ్నుంచే దండం పెట్టారు.

పైడితల్లి చాచిన చేయి చాచినట్టే ఉంది.

"మేడమ్," అంది మ్యాట్ పక్కనున్న సత్యవేణితో నెమ్మదిగా, "దీపం పచ్చగుంది. సారేమో అంత దూరం గెంతేసినారు. ఏది నమ్మమంటారు?"

ఎదుటి జట్టు అప్పటికే మ్యాట్ దిగిపోయింది. సత్యవేణి చేతొడుగులు వేసుకుని, ఆ చాచిన చేయి పట్టుకుని అంబులెన్సు దాకా నడిపించింది. సమయానికి ఆక్సిజన్ అందింది కాబట్టి పైడితల్లి మరుసటేడు మళ్లీ కూతకెళ్లింది.

ఇప్పుడు రూలు మారింది. దీపాలు ఏ రంగులో వెలిగినా సరే, యాజమాన్యం వారు ఉంగరం తియ్యకుండా అందరికీ చేయి కలిపాకే విజిల్. టీవీలో ఆ వరుస కనిపించినప్పుడు, చివర్లో చేయి చాచి నిలబడ్డ పైడితల్లిని ఒక్కసారి తలుచుకోండి.