లాజరుకు జోడీ

వనపర్తి బస్టాండు వెనక మిరపకాయ బజ్జీలు వేసే దేవమ్మ అసలెవరో తెలిసినవాళ్లు దేశం మొత్తంలో ఏడుగురే. ఆ ఏడుగురూ ఆమెను ‘చీఫ్’ అంటారు.

ఆ శనివారం పొట్లం విప్పిన ఏజెంట్ మహిపాల్‌కు బజ్జీల కింద తన బావమరిది యాదయ్య ఫొటో కనిపించింది.

“చూసినవా? ఇగ తినెయ్. బియ్యప్పిండి కాగితమే,” అంది చీఫ్. “మీ పద్మ తమ్ముడు రేపు చచ్చినా చావొచ్చు. జర చెవి ఇటు పెట్టు.”

యాదయ్య ఆర్నెల్లుగా ఒక విదేశీ ముఠాలో మన మనిషి. ముఠాతో మాటలన్నీ ఫోన్లోనే, ముఖం ఎవరూ చూడలేదు. ఒక్కో పనికి ఇద్దరిని జోడీ కడతారు. ఇద్దరికీ బైబిల్ పేర్లే పెడతారు.

“హీబ్రూల రెండూ ఒకటే పేరు గావాలె, గదీ వాళ్ల రూలు,” అంది సండేస్కూల్లో ప్రైజులు కొట్టిన చీఫ్. “మోషే అక్క మిర్యాము, యేసు తల్లి మరియ, ఇద్దరిదీ ఒకటే పేరు. అహరోను కొడుకు ఎలియాజరు, సమాధిల నుంచి లేచొచ్చిన లాజరు గూడ గంతే. మన యాదయ్య లాజరు. రేపు లాజరు దగ్గరున్న కరెంటు లైన్ల నక్షా తీస్కపోను ఎలియాజరు ధరూర్ చర్చికి వస్తడు. వాన్ని పట్టాలె. కని ముఠాకు లాజరు మీద అనుమానమొచ్చింది. పిల్లగాని ముఖం వాళ్లకు దొరికిందా, ఖతం.”

“లీడర్ నేనేనా?”

“నరేందర్. నువ్వు ఆటో తోలు.”

మహిపాల్ నోట్లో మిరపకాయ రెండింతలు మండింది. మళ్లీ నరేందరే! నల్లద్దాలు, సెంటు, యాదయ్య ఫొటో ఉన్న సీక్రెట్ ఫోను, అన్నీ వాడికే. పైగా తోడుగా గద్వాల ఆఫీసు నుంచి ఏజెంట్ జయశ్రీ. ఆమె నవ్వితే ట్రాఫిక్ సిగ్నల్ కూడా రంగు మర్చిపోతుందని డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకుంటారు. ఆదివారం దారి పొడుగునా నరేందర్ జోకులకు ఆమె నవ్వుతూనే ఉంది. ఆటో అద్దంలో చూస్తూ మహిపాల్ మూడు గుంతల్ని కావాలనే వదలకుండా ఎక్కించాడు.

“మెల్లగ పోనీ డ్రైవరన్నా,” అన్నాడు నరేందర్.

“అన్న” కాదు, “డ్రైవరన్న”. మహిపాల్ పళ్లు నూరాడు.

చర్చిలో ఇటు మగవాళ్ల చాప, అటు ఆడవాళ్ల చాప, మధ్యన జానెడు దారి. యాదయ్య ముందు వరుసలో ఉన్నాడు. దారికి ఇవతల నరేందర్, అవతల జయశ్రీ. వాళ్ల వెనకే గోడకు ఆనుకుని మహిపాల్. బయట వేపచెట్టు కింద ఇద్దరు బైకు స్టార్ట్ చేసే ఉంచి, ఫోను చూసుకుంటున్నారు.

“ప్రార్థన చేసుకుందాం,” అన్నారు పాస్టరుగారు.

అందరూ కళ్లు మూసుకున్నారు. నరేందర్ అసలే భక్తిపరుడు, గట్టిగా మూశాడు. పల్లీపంట కోసం, పత్తి రేటు కోసం, కొల్లాపూర్ మామిడిపూత కోసం ప్రార్థన సాగిపోతోంది. కళ్లు మూయనివాడు ఒక్కడే. జయశ్రీ ఇప్పుడు కూడా నరేందర్ వైపే చూస్తుందా అని మహిపాల్ కడుపుమంటతో గుడ్లప్పగించి చూస్తున్నాడు.

ఆమె చూసింది. నరేందర్‌ను కాదు, అతని బైబిల్ మీదున్న ఫోన్ని. చెయ్యి చాచి తీసుకుంది. కొంగు తల మీదికి లాక్కుని దాని చాటున లాక్ తీసింది. నరేందర్ పెట్టుకున్న పాస్‌వర్డ్ ఆమె పేరే! మహిపాల్‌కు ఒళ్లు మండి రెండడుగులు ముందుకు పాకాడు. తెర మీద యాదయ్య ఫొటో, కింద అక్షరాలు: ‘లాజరు వీడే. లేపేయండి. ఇట్లు, ఎలియాజరు.’

ఒకటే గీత సిగ్నల్, ఫొటో మెల్లగా పోతోంది. తొంభై ఎనిమిది శాతం. తొంభై తొమ్మిది.

మహిపాల్ దూకి క్యాన్సిల్ నొక్కి, ఆమె చేతికి బేడీ వేశాడు.

“ఎలియాజరంటే మగోడే అనుకున్నరు గదా?” ఆమె పెదవి విరిచింది.

మహిపాల్ ఆమె చేతిలోని ఫోను లాక్కుని, అదే నంబరుకు ‘లోపలికి రండి. ఇట్లు, ఎలియాజరు’ అని మెసేజ్ కొట్టాడు. బైకు మనుషులు గుమ్మం దాకా వచ్చి, అందరిలాగే చెప్పులు విప్పడానికి వంగారు. వంగినవాళ్లను వంగినట్టే మహిపాల్ పట్టుకుని కట్టేశాడు. పాస్టరుగారు ఆమేన్ అన్నాక నరేందర్ కళ్లు తెరిచి, “ఏమైంది?” అన్నాడు.

రిపోర్టులో మహిపాల్ పేరే ముందు రాశారు. ప్రాణాలతో ఇల్లు చేరిన యాదయ్య, బావ ఘనకార్యం అక్కకు పూసగుచ్చినట్టు చెప్పాడు. పద్మ తమ్ముణ్ని దగ్గరికి తీసుకుని ఏడ్చింది. కళ్లు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది.

“అంత మంది కండ్లు మూసుకుంటే, నువ్వు గామె దిక్కు ఎందుకు చూస్తున్నవ్?”

“అది టాప్ సీక్రెట్,” అన్నాడు మహిపాల్.

ఆ వారమంతా వాళ్లింటి పప్పులో ఉప్పు కూడా టాప్ సీక్రెట్‌గానే ఉండిపోయింది.