నక్షత్రచేప కడుపులో మాట

ల్యాబ్‌లో అందరూ ఆ అమ్మాయిని మ్యూట్ అనేవారు. ఎవరైనా పలకరిస్తే తల ఊపేది. గట్టిగా పలకరిస్తే ఇంకొంచెం గట్టిగా ఊపేది. అలాంటి పిల్ల ఆ రోజు బేస్‌మెంట్‌లో, నక్షత్రచేపలున్న సముద్రపు నీళ్ళ ట్యాంకుల మధ్య నిలబడి, భవనం అదిరేలా అరిచింది.

"వీటికి ఎవరు తిండి పెట్టారు?"

ఆమె చేతిలో ఒక ఆల్చిప్ప ఉంది. లోపల మాంసం ఊడ్చిపెట్టినట్టు ఖాళీ.

ట్యాంకులు చూసుకునే అబ్బాయి పైపుతో నేల కడుగుతున్నాడు. ఎవరు అరిచారా అని ముందు గుమ్మం వైపు చూశాడు. ఆమేనని తేలాక చేతిలోని పైపు తిరిగిపోయి, అతని ప్యాంటునీ ఆమె తెల్లకోటునీ కలిపి తడిపేసింది.

"మీకు మాటలొచ్చా అండీ!"

"వస్తాయి. తిండి ఎవరు పెట్టారు?"

"నేనే. పాపం, ఆకలేస్తోందేమోనని..."

"ఆకలెయ్యాలనే కదా పస్తు పెట్టింది! నిండు కడుపుతో ఉంటే సూదేసినా కదలవు. మూడుసార్లు ఫెయిలయ్యాను. నాకేమీ చేతకాదని నేను ఎంత ఏడ్చానో తెలుసా? వచ్చే సోమవారం మేడం స్వయంగా చూడ్డానికి వస్తున్నారు. అప్పుడూ ఫలితం రాకపోతే ప్రాజెక్టు మూసేస్తారు."

జీవితంలో ఇన్ని మాటలు ఒక్క ఊపులో మాట్లాడటం ఆమెకు అదే మొదలు. ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆగగానే భయమేసింది.

"అసలు ఆ సూదిలో ఏముందండీ?" అన్నాడతను, మెల్లగా.

అక్కడే దొరికిపోయింది. ఆమెకు ఒక జబ్బు ఉంది. పేరడిగితే నోరు పెగలదు గానీ, అణువుల గురించి అడిగితే నోరు ఆగదు.

"కబురు. ఒంట్లో నరాలు పంపుకునే కబురు. చాలా పాతది. అరవై కోట్ల ఏళ్ళ కిందట ఈ నక్షత్రచేపలకీ మనకీ కలిపి ఒకే ముత్తాత ఉండేవాడు, ఏదో పురుగులాంటివాడు. ఇది వాడి ఒంట్లోనే ఉంది. తర్వాత వాడి సంతానం ఎవరి దారిన వాళ్ళు విడిపోయారు. కబురు మాత్రం అందరి ఇళ్ళకీ వెళ్ళింది. అక్కడక్కడా అక్షరం మారింది, అంతే. కానీ ఒక్కొక్కళ్ళూ దాన్ని ఒక్కోలా చదువుకుంటారు."

"మనమెలా చదువుకుంటాం?"

"తల్లికి పాలు పడతాయి. బిడ్డ మీద ప్రాణం కొట్టుకుంటుంది. మనిషికి మనిషి మీద... అదే... దగ్గరితనం..." చెవులు వేడెక్కాయి. సైన్సు ఇలా వెన్నుపోటు పొడుస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

"మరి ఇవి?"

"వీటికి కడుపు నోట్లోంచి బయటికొస్తుంది."

"ఆఁ?"

"అలాగే తింటాయి. కడుపుని బయటికి తోసి, ఆల్చిప్పలోకి దూర్చి, అక్కడే అరిగించుకుంటాయి."

అతను ట్యాంకు వైపు చూశాడు. అద్దానికి అతుక్కున్న నారింజరంగు నక్షత్రచేపకు ఇవేమీ పట్టలేదు.

"దీనిదే నయమండీ. ఆ కబురు అందగానే కడుపులోది బయటపెట్టేస్తుంది. మనకీ అదే అందుతుంది, మనం మాత్రం కడుపులోనే దాచుకుంటాం."

ఏదైనా అనాలి. ఏదైనా. ఆమె గుండె నిండా ఊపిరి తీసుకుంది.

"సాలినిటీ ఎంత?"

"ముప్పై నాలుగు," అతను నిట్టూర్చాడు. "రోజూ ఉప్పే అడుగుతారు, పక్కింటివాళ్ళలా."

ఆ సాయంత్రం ఫోన్లో అక్క సూటిగా విషయంలోకి వచ్చింది. "ఏమే, ఆ అబ్బాయితో మాట్లాడావా?"

"తిట్టాను."

"శుభం. రెండు నెలలకి మంచి ప్రోగ్రెస్. సరే, సోమవారం ఆ చేప కడుపు బయటికొస్తే ఏమవుతుంది?"

"మేడం పై అంతస్తులో పనిస్తారు. ఇక ట్యాంకుల దగ్గరికి వెళ్ళక్కర్లేదు."

"రాకపోతే?"

"ప్రాజెక్టు పోతుంది. అప్పుడూ వెళ్ళక్కర్లేదు."

"మరి నన్నేమని మొక్కుకోమంటావే తల్లీ?"

పరిశోధకురాలన్న పేరే గానీ, తనకేం కావాలో తేల్చుకోవడానికి ఆమె దగ్గర ఏ పద్ధతీ లేదు.

సోమవారం ఒకటే వాన. మేడం తడిసిన గొడుగుతో, నెత్తిమీద కళ్ళజోడుతో దిగారు. ఆ కళ్ళజోడు కోసమే కాసేపు వెతికారు. ఆమె సూది వేసి, నక్షత్రచేపను మళ్ళీ నీళ్ళలోకి వదిలింది. ముగ్గురూ అద్దం మీదికి వంగారు.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చేతుల నడుమ ఏదో కదిలింది. పల్చగా, తడిసిన జేబురుమాలులా, కడుపు మెల్లగా బయటికొచ్చింది.

"వచ్చింది!" మేడం చప్పట్లు కొట్టారు. అంతలోనే ఆపేశారు. "కానీ ముందు మూడూ ఎందుకు రాలేదు? కారణం తెలియకుండా దీన్నెలా నమ్మమంటావు?"

కారణం ఆమెకు తెలుసు. కారణం పక్కనే బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. చెప్తే అతని ఉద్యోగం, చెప్పకపోతే తన ప్రాజెక్టు. ఆమె నోరు తెరిచింది, మూసింది. ఆ క్షణంలో ఆమెకంటే ట్యాంకులోని జీవికే నోరు బాగా పనిచేస్తోంది.

"నేనే మేపాను మేడం," అన్నాడతను.

"జాలిపడా?"

"మొదటిసారి జాలేనండి. తర్వాత రెండుసార్లూ..." బకెట్ కింద పెట్టాడు. "తెలిసే చేశాను. పని అయిపోతే ఈవిడ కిందికి రారు కదండీ. ఫెయిలయితే ఏడుస్తారని తెలీదు మేడం. తెలిసిన రోజు నుంచి ఒక్క చిప్ప వెయ్యలేదు."

మేడం మొహం ఎర్రబడింది. "పిల్ల కష్టమంతా నీళ్ళపాలు చేశావు! ఇప్పుడే ఆఫీసులో చెప్తాను."

న్యాయంగా ఆమెకు కోపం రావాలి. దానికోసం లోపలంతా వెతికింది. ఉంది, కాస్త ఉంది, దాని సంగతి తర్వాత తేల్చుకోవచ్చు. దాన్ని తోసుకుంటూ, సిగ్గు లేకుండా, ఇంకేదో పైకి వస్తోంది.

"చెప్పకండి మేడం. నేను... పని లేకపోయినా కిందికి వచ్చేదాన్నే."

"ఏమిటీ?"

"రేపు పైన పనిచ్చినా వస్తాను. రావడం మానను మేడం."

మేడం ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. చివరికి కళ్ళజోడు నెత్తిమీద నుంచి ముక్కు మీదికి దించారు.

"ఆ మూడూ మేపినవని రిపోర్టులో రాయి. ఎందుకు మేపారో మాత్రం రాయకు. కొత్తవాటితో మొదటినుంచీ మళ్ళీ చెయ్యి. ఈసారి ఒక్క ఆల్చిప్ప కనిపించినా ఇద్దర్నీ పస్తు పెడతాను."

మేడం మెట్లెక్కి వెళ్ళిపోయారు. వీళ్ళిద్దరూ నేలమీది నీళ్ళను తెగ శ్రద్ధగా చూశారు.

"నిజంగా మానరా అండీ?" అన్నాడతను.

"ముందు మీరు ఆ 'అండి' తీసేసి అడగండి."

"మీరూ తియ్యండి మరి."

"సరేనండి."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక అతను గొంతు సవరించుకుని, ఉన్న ధైర్యమంతా కూడగట్టి, అవసరానికి మించి గట్టిగా అడిగాడు.

"మానవా?"

ఎవరైనా వింటే అతను యావత్ మనుషుల్నీ ఎలుగెత్తి పిలుస్తున్నాడనుకునేవారు. అంతమంది మనుషుల్లోనూ ఆమె ఒక్కతే పలికింది.

"మానను."