మూడువందల రెండో కాగితం

గల్ఫ్‌లో, అజైబా అనే పేటలో ఆ విల్లాకి రాత్రిపూట రమ్మంటే టాక్సీవాళ్లు సందు మొదట్లోనే దింపేసి, నడిచి వెళ్లమంటారట. పై గదిలో ఎవరో పేర్లు పిలుస్తారని... ఎవరో "హాజిర్" అంటారని... విన్నవాళ్లు చెప్పిన మాట. అక్కడి వాచ్‌మన్ వజీర్, ఆరడుగుల మనిషి, నాలుగో రాత్రికే డ్యూటీ మార్పించుకున్నాడు. తర్వాత క్లీనింగ్ కంపెనీ ఆడవాళ్లని పంపింది. ఆడవాళ్ల భయానికి డ్యూటీ మారదు కదా!

నలుగురు. అందరికీ ఒకటే నీలం యూనిఫాం, తలకి గుడ్డ, దుమ్ముకి మాస్కు. వాళ్లలో కడప బిల్కీస్‌కి ఉర్దూ చదవడం వచ్చు. పై గది పెట్టెల నిండా ఉర్దూ కాగితాలే — దక్కన్‌లో ఎప్పుడో రద్దయిన ఒక సంస్థానపు వాలంటీర్ పటాలం హాజరు పట్టీలు. విల్లా యజమాని ముత్తాత సముద్రం దాటి వెళ్లి ఆ పటాలంలో చేరాడట. వాటి దుమ్ము దులిపి, స్కాన్ చేసి, జాబితాతో సరిచూసి అప్పగించాలి.

జాబితాలో మూడువందల ఒకటి. బిల్కీస్ లెక్కపెడితే మూడువందల రెండు.

"లెక్క కలిస్తేనే నీ లీవు," అన్నాడు పనివాళ్లుండే క్యాంపుకి బాస్ ఓంకార్, జగిత్యాల మనిషి. "గప్పటిదాంక పాస్‌పోర్ట్ అడగకు."

ఊళ్లో కూతురు తహ్సీన్‌కి నెలలు నిండాయి. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి అమ్మీ పక్కన ఉండాలని రోజూ ఫోన్లో ఏడుపు. శుక్రవారం విమానం.

ఎక్కువైన కాగితం దొరికింది. మిగతా వాటిలో సిపాయిల పేర్లు, తండ్రుల పేర్లు, ఆఖరికి గుర్రాల పేర్లు కూడా ఉన్నాయి. ఇందులో ఒక్కటే వరుస — 'బట్టలుతికే ఆడది, ఒకతె.' పేరు రాసే చోటు ఖాళీ. జాబితా రాసిన మహానుభావుడికి ఇది కాగితంలా కనిపించలేదు.

"పారెయ్యక్కా, పీడ పోతాది," అంది నలుగురిలో ఒకతె, పెంచలమ్మ.

పారేసింది. మర్నాడు దొంతర మీదే ఉంది... తడిగా.

చింపి కుండీలో వేసింది. మళ్లీ వచ్చింది. ఎక్కడా చిరుగు లేదు... తడి మాత్రం ఉంది.

గురువారం రాత్రి. మిగతా ముగ్గురూ కింద హాలు తుడుస్తున్నారు. పైన బిల్కీస్ ఒక్కతే. ఉన్నట్టుండి ఏసీ ఆగింది.

గది మూల నుంచి ఒక మగ గొంతు, పేరూ తండ్రి పేరూ కలిపి —

"సాలెం వల్ద్ ముబారక్."

"హాజిర్."

ఇంకో పేరు. ఇంకో గొంతు. బల్ల మీద కాగితాలు వాటంతటవే తిరుగుతున్నాయి. సిపాయిలు అయిపోయారు. గుర్రాల వంతు వచ్చింది. "మోతీ." చీకట్లో సకిలింపు... "బిజిలీ." మళ్లీ సకిలింపు...

ఆఖరి కాగితం తిరిగింది. గొంతు ఆగిపోయింది. పిలవడానికి పేరు లేదు.

ఆ నిశ్శబ్దంలో, రాతి మీద తడి బట్ట బాదిన చప్పుడు. ఒకసారి... ఆగి, మళ్లీ... ఎవరో వంతు కోసం కాచుకున్నట్టు.

క్యాంపులో పొద్దున తలలు లెక్కపెట్టేటప్పుడు, బాత్రూంలో ఉన్నవాళ్ల బదులు పక్కవాళ్లు పలుకుతారు. ఆ అలవాటే బిల్కీస్ నోరు తెరిపించింది.

"హాజిర్," అంది. "ఉంది. రాసుకో."

చప్పుడు ఆగింది. ఏసీ తిరిగింది.

కాగితాలు మళ్లీ లెక్కపెట్టింది. మూడువందల ఒకటి.

తెల్లారాక యజమాని గుమాస్తా సంతకం పెట్టాడు. ఓంకార్ పాస్‌పోర్ట్ ఇచ్చాడు. ఇక క్యాంపులో పెట్టె అందుకుని విమానం ఎక్కడమే. ఆడవాళ్లు బస్సులో కూర్చున్నారు. ఓంకార్ చేతిలో అట్ట — 'లేడీస్, 4'.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఐదు."

మళ్లీ లెక్కపెట్టాడు. ఐదు.

"గీ ఐదో మనిషి ఎవలు?"

నీలం యూనిఫాములు, మాస్కులు. పేర్లు రాసి ఉంటే పిలిచి పట్టుకునేవాడు. రెండేళ్లలో ఒక్కరి పేరూ అడగలేదు మరి.

"తగ్గితే అరుస్తావు, పెరిగినా అరుస్తావు, ఏం మనిషివయ్యా? అక్కకి విమానం పోతాది, కదిలీ," అంది పెంచలమ్మ.

గొణుక్కుంటూ నాలుగు కొట్టేసి ఐదు వేశాడు. బస్సు కదిలింది.

బిల్కీస్ పక్క సీటు వైపు తల తిప్పలేదు. ఒళ్లోని ఆమె చేతి మీద ఒక చెయ్యి పడింది... నీళ్లలో నానినాని ముడతలు తేలిన చెయ్యి.

చెవి దగ్గర గుసగుస —

"పురిటి బట్టలు... నేనుతుకుతాలే."