ఏడూ నలభై ఎనిమిదికి వచ్చిన జవాబు

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది.

శవం రేడియో గదిలో నేలమీద బోర్లా పడి ఉంది. తల తలుపు వైపు ఉంది. ఎడమ కణత మీద దెబ్బ. బల్ల అంచున రక్తం ఎండిపోయింది.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే ఆగి గదిని చూశాడు. మనిషి ఎలా పోయాడన్నది తర్వాత. ఎలా బతికాడన్నది ముందు. అది ఆయన పద్ధతి.

బల్లమీద పెద్ద వైర్‌లెస్ సెట్ ఉంది. ఆఫ్‌లో ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది. గోడ నిండా కార్డులు. ఎక్కడెక్కడి రేడియో స్నేహితులో, నీ గొంతు మాకు వినిపించిందని రాసి పంపినవి. గదిలో కుర్చీ ఒక్కటే. రెండో మనిషి కూర్చోవాలంటే చోటు లేదు.

శవాన్ని తిప్పారు. ఎడమ చెయ్యి పొట్ట కింద ఇరుక్కుని ఉంది. చేతిలో అరచేతంత హ్యాండ్‌సెట్. బ్యాటరీ పూర్తిగా అయిపోయింది.

పోయినాయనకి డెబ్భై ఒకటి. ఓడల్లో ముప్ఫై ఏళ్ళు వైర్‌లెస్ ఆపరేటర్. భార్య ఎప్పుడో పోయింది. మిగిలింది ఒక్క కూతురు. ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. డ్యూటీ నుంచి వచ్చి శవాన్ని మొదట చూసింది ఆమే.

“పొద్దున ఎన్నింటికి వెళ్ళారు?”

“ఆరూ పదికి.”

“మళ్ళీ రావడం?”

“ఒంటిగంటకే.”

ఆమె కళ్ళు తడిగా లేవు. గోడమీది కార్డుల్ని చూస్తోంది, ఎవరో పరాయి మనిషి సామాను చూసినట్టు.

బయటి తాళాన్ని ఎవరూ పగలగొట్టలేదు. తాళంచెవులు రెండే. ఒకటి తండ్రిది, ఒకటి కూతురిది.

కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. ఎనిమిదింపావుకి ఎవరో బట్టల కోసం వస్తామన్నారట. అందుకని గడియారం మీదే కన్నేసి కుడుతోంది. సరిగ్గా ఎనిమిదీ పదకొండుకి పైన కూతురి అరుపు విందట. ఏమందో చెప్పడానికి మొదట మొహమాటపడింది. ఆడపిల్ల, తల్లి లేని పిల్ల, నా నోటితో ఎందుకు అంది. ఇన్‌స్పెక్టర్ రెండోసారి అడిగాడు.

“‘ఆ రేడియోతోనే చావు, నేనింక పిలవను’ అంది సార్. ఆ వెంటనే ధన్‌మని చప్పుడైంది. నా సూది విరిగిపోయింది.”

ఆసుపత్రి రిజిస్టర్ తెప్పించారు. కూతురు ఏడూ యాభై ఎనిమిదికి బయటికి వెళ్ళింది. ఎనిమిదీ ఇరవై నాలుగుకి తిరిగి వచ్చింది. ఇల్లు పది నిమిషాల నడక.

అబద్ధం చెప్పిందన్నమాట.

మళ్ళీ అడిగారు. అప్పుడు ఒప్పుకుంది. కళ్ళజోడు మర్చిపోయి వచ్చాను, నాన్న గది తలుపు మూసి ఉంది, పిలిస్తే పలకలేదు, కోపం వచ్చి అరిచి, బయటి తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాను అంది. లోపలికి వెళ్ళలేదంది. మరి మొదట ఎందుకు దాచావంటే మాట్లాడలేదు.

తప్పు చేసినవాళ్ళు దాస్తారు. సిగ్గుపడినవాళ్ళూ దాస్తారు. రెండు మౌనాలూ బయటికి ఒకేలా కనబడతాయి. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇన్‌స్పెక్టర్‌కి తేడా ఎప్పుడూ ముందుగా తెలియలేదు.

డాక్టర్ రిపోర్ట్ కూతురికి సాయపడలేదు. తల బల్లకి కొట్టుకుంది. లోపల నెమ్మదిగా రక్తం కారింది. పడిపోయిన సమయం ఏడుకీ తొమ్మిదికీ మధ్య. జారి పడ్డాడో, తోస్తే పడ్డాడో వైద్యం చెప్పలేదు.

ఇక సాక్ష్యంగా మిగిలింది రేడియో క్లబ్.

ఊళ్ళో సరదాకి వైర్‌లెస్ నడిపేవాళ్ళు పన్నెండుమంది. రోజూ ఏడున్నర నుంచి ఎనిమిది దాకా ఒకే ఛానల్ మీద కలుస్తారు. ఒకాయన పేరుపేరునా పిలుస్తాడు, మిగతావాళ్ళు పలుకుతారు. పిలిచేది రిటైరైన రైల్వే గార్డు. క్షణం తేడా రానివ్వడు కనక అందరూ ఆయన్ని గడియారం అంటారు. పోయినాయనకి నలభై ఏళ్ళ స్నేహితుడు.

గడియారం స్టేట్‌మెంట్ ఒక్క ముక్కలో ఉంది. ‘ఏడూ నలభై ఎనిమిదికి నేను పిలిచాను, ఆయన జవాబిచ్చాడు.’

అంటే అప్పటికి మనిషి క్షేమం. ఆ తర్వాత ఆ ఇంటికి తాళంచెవితో వచ్చింది కూతురొక్కతే.

పైఅధికారి ఫోన్ చేశాడు. “ఇంకా దేనికోసం చూస్తున్నారు? గురువారం సాయంత్రం అయిదింటికల్లా అరెస్టు చూపించండి.”

*

గురువారం పొద్దున్న పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ క్లబ్ గదికి వెళ్ళాడు. సంతాప సభ అన్నారు గాని, అయిదు నిమిషాల మౌనం అయ్యాక మాటలు యాంటెన్నాల మీదికి మళ్ళాయి. ఏ తీగ మేలు, ఏ సెట్ వేడెక్కుతుంది, ఎవరికి ఎంత దూరం వినిపించింది. ఇన్‌స్పెక్టర్‌కి అది తప్పనిపించలేదు. దుఃఖం తనంతట తాను మాట్లాడలేదు. దానికి ఏదో ఒక సామాను కావాలి.

పోయినాయన ఒకసారి తుఫానులో చిక్కుకున్న ఓడ పిలుపు రేడియోలో విని, తెల్లారేదాకా దానితో మాట్లాడుతూ కూర్చున్నాడని ఒకరు చెప్పారు. కొత్త డిజిటల్ సెట్లు కొందామని క్లబ్ అంటే, గొంతుని ముక్కలు చేసి మళ్ళీ అతికించేది రేడియో ఎలా అవుతుందని పోట్లాడాడట. అది జరిగి పది రోజులు. అప్పట్నుంచి మొహం ముడుచుకుని, పిలిస్తే ఊఁ అంటే ఊఁ.

ఒక మూల ఒకాయన అన్నీ వింటూ కూర్చున్నాడు. కళ్ళజోళ్ళ షాపు ఆయనది. క్లబ్‌లో అందరూ మాట్లాడతారు, ఈయన వింటాడంతే. సెట్ ఉంది గాని మైకు కొనలేదు. చెవులాయన అని పేరు పెట్టారు.

“పగలంతా జనం కళ్ళతోనే నా బతుకు. ఆదివారమైనా చెవులకి పని చెప్పాలి కదండీ,” అన్నాడు నవ్వబోయి, మానేసి.

గడియారం లాగ్ పుస్తకం తెచ్చి ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాడు. చేతిరాత అచ్చులా ఉంది. టైము. స్టేషన్. అంటే పలికినవాళ్ళ పేరు. ఆ పక్కన రెండు గళ్ళు. మొదటిది మాట ఎంత స్పష్టంగా ఉందో, ఒకటి నుంచి అయిదు. రెండోది సిగ్నల్ ఎంత బలంగా ఉందో, ఒకటి నుంచి తొమ్మిది.

ఇన్‌స్పెక్టర్ పాత పేజీలు తిప్పాడు. పోయినాయన పేరుకి ఎదురుగా ప్రతి రోజూ అయిదు, తొమ్మిది. అయిదు, తొమ్మిది. పోట్లాట తర్వాత కూడా అవే అంకెలు.

సోమవారం పేజీ దగ్గర ఆయన వేలు ఆగింది.

బలం గడిలో మూడు. స్పష్టత గడిలో అంకె లేదు. చిన్న అడ్డగీత.

“ఈ గీతేమిటి?”

గడియారం కళ్ళజోడు సర్దుకుని చూశాడు. “మాట లేనప్పుడు అలా గీస్తాం. స్పష్టత మాటకే కదా సార్.”

“మాట లేదా? జవాబిచ్చాడన్నారు.”

“ఇచ్చాడు సార్. రెండుసార్లు నొక్కాడు.”

హ్యాండ్‌సెట్‌కి మాట్లాడే బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని టకటకా రెండుసార్లు నొక్కితే అవతలివాళ్ళకి రెండు చిటికెల్లా వినిపిస్తుంది. విన్నాను, బాగానే ఉన్నాను అని దాని అర్థం. గాలిలో చోటు తక్కువ, మాట వృథా చేయకండని ఆ అలవాటు క్లబ్‌కి నేర్పింది పోయినాయనే.

“గొంతు విన్నట్టు మీకు గుర్తా?”

గడియారం ఆ గీతని మళ్ళీ చూశాడు. 

“మూడు రోజుల్నుంచీ ఆయన ‘ఉన్నానురా’ అన్నట్టే నా చెవిలో ఉంది సార్,” అన్నాడు. “అన్నాడనే అనుకుంటున్నాను.”

మనసు ఖాళీని ఓర్చుకోదు. తెలిసిన గొంతు తెచ్చి దాంట్లో పోస్తుంది. ఇన్‌స్పెక్టర్ ఈ మాట పైకి అనలేదు. బయటికి వచ్చి డాక్టర్‌కి ఫోన్ చేశాడు. ఒక్క ప్రశ్న అడిగాడు. జవాబు వెంటనే వచ్చింది.

తర్వాత చెవులాయన్ని పక్కకి పిలిచాడు.

“మీరు రికార్డు చేస్తారా?”

“రోజూ. రికార్డర్ ఆన్ చేసి షాపుకి పోతాను. మధ్యాహ్నం భోజనానికొచ్చి ఆపుతాను. ఆదివారం కూర్చుని వింటాను.”

“సోమవారంది విన్నారా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “మా ఇల్లు ఆయన వెనక వీధేనండి. ఆయన సెట్ నుంచి ఏం వచ్చినా నాకు అందరికంటే బాగా వినిపిస్తుంది. అందులో ఆయన గొంతు ఉంటుందేమోనని ముట్టుకోలేదు.”

ఇన్‌స్పెక్టర్ ఆ రికార్డింగ్‌ని ఒంటరిగా, తలుపు మూసుకుని విన్నాడు. గంటా పది నిమిషాలు. ఆ తర్వాత పైఅధికారికి ఫోన్ చేసి లాగ్ పుస్తకం సంగతి చెప్పాడు. పుస్తకంలో ఒక గీత చూపించి మనిషిని వదిలేయమంటే కుదరదన్నాడు ఆయన. ఇంకేమైనా ఉందా?

ఉంది. అది బయటపెడితే ఆమె బయటపడుతుంది. కానీ అందులోని గొంతు తనదేనని ఆమె విని చెప్పాలి.

*

నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ తన గదిలో ముగ్గుర్ని కూర్చోబెట్టాడు. కూతురు, గడియారం, చెవులాయన. పైఅధికారి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

“ఆయన ఏడున్నరకి ముందే పడిపోయాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “బల్లమీది సెట్ ఇంకా ఆన్ చెయ్యలేదు. తల ఎడమ వైపు దెబ్బ తగిలింది. అక్కడ రక్తం కారితే మాట పోతుంది, కుడి చెయ్యి పడిపోతుంది. డాక్టర్ చెప్పాడు. ఎడమ జేబులో హ్యాండ్‌సెట్ ఉంది. అది చిన్నది, పైగా నేలమీద ఉంది. అందుకే బలం తొమ్మిది నుంచి మూడుకి పడింది.”

రికార్డర్ నొక్కాడు.

గరగర. గడియారం గొంతు. ‘గురువుగారూ, ఉన్నారా?’

టక్. టక్.

‘ఏంటండీ, సిగ్నల్ ఇవాళ చీమ నడిచినట్టుంది. ఇంకా అలకేనా?’

టక్. టక్. కాస్త ఆగి, టక్.

ఎవరో నవ్వారు. ‘మూడోది నా మీద కోపం,’ అంది ఆ నవ్విన గొంతు.

‘సరే, రేపు మాట్లాడదాం. తర్వాతి స్టేషన్…’

టక్ టక్ టక్. టక్ టక్ టక్. టక్ టక్ టక్.

‘ఎవరో మైకు మీద కూర్చున్నట్టున్నారయ్యా, కాస్త లేవండి,’ అంది ఇంకో గొంతు. మళ్ళీ నవ్వులు.

పోలీస్ స్టేషన్ గదిలో గడియారం ముందుకి వంగిపోయాడు. “మూడు, మూడు, మూడు,” అన్నాడు. “మధ్యలోవి పొడుగ్గా నొక్కాలి. అప్పుడది ఓడలవాళ్ళు ఆపదలో పంపే పిలుపు. ఆయనే నేర్పాడు నాకు.”

“పొడుగ్గా నొక్కడానికి వేలు నిలిచి ఉండదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఎనిమిదింటికి అందరూ సెలవు తీసుకున్నారు. ఛానల్ ఖాళీ అయింది. ఇన్‌స్పెక్టర్ రికార్డర్ ఆపి కూతురి వైపు తిరిగాడు.

“ఇక్కడి నుంచి మీకు కష్టంగా ఉంటుంది. కానీ మిమ్మల్ని బయటపడేసేది ఇదే.”

“పెట్టండి,” అంది ఆమె.

ఎనిమిదీ పదకొండు. సన్నని గరగర. ఆయన తలుపు వైపు దొర్లి ఉంటాడు. హ్యాండ్‌సెట్ ఒంటికింద పడి బటన్ నొక్కుకుపోయింది. గది మొత్తం గాలిలోకి వెళ్ళింది.

దూరంగా, మూసిన తలుపు అవతల, ఆమె గొంతు. ‘నాన్నా.’ మళ్ళీ, ‘నాన్నా, నిన్నే.’ ఆ తర్వాత ఆ మాట. ఆ తర్వాత బయటి తలుపు చప్పుడు. మెట్లమీద అడుగులు.

గది తలుపు తెరుచుకున్న చప్పుడు ఎక్కడా లేదు.

పైఅధికారి కిటికీ నుంచి ఇటు తిరిగి, చాలు అన్నట్టు తల ఊపాడు. ఇన్‌స్పెక్టర్ ఆపబోయాడు.

“ఉండనివ్వండి,” అంది ఆమె.

అప్పుడు వినిపించింది. ఊపిరి. బరువుగా, తెంపులు తెంపులుగా. మాటకి నోరు కూడదీసుకుంటున్న మనిషి ఊపిరి. ఇరవై ఏడు నిమిషాలు. ఎవరూ లేని ఛానల్‌లో. ఎనిమిదీ ముప్ఫై ఎనిమిదికి బ్యాటరీ అయిపోయింది.

నిమిషం విన్నాక ఇన్‌స్పెక్టరే ఆపాడు. ఆమె అడ్డు చెప్పలేదు.

“ఆ బొమ్మలాంటి చిన్న సెట్ నేనే కొనిచ్చాను,” అంది ఎవరితోనో అన్నట్టు. “ఆ గదిలోనే కూర్చోకుండా ఇంట్లో కాస్త తిరుగుతాడని.”

గడియారం లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు. డెబ్భై ఏళ్ళ మనిషి.

“అమ్మా, నాకు నీ ఇంటికి పావుగంట దూరం. మనిషిని పిలిచి, బటన్ చప్పుడు విని, పుస్తకంలో రాసుకుని కాఫీకి లేచాను. నువ్వేమన్నా పడతాను.”

ఆమె ఆయన్ని చూసింది. ఆ చూపులో కోపం ఉందేమోనని ఇన్‌స్పెక్టర్ వెతికాడు. ఉంటే ఆమెకి కాస్త తేలికయ్యేది.

“మీరు నయం బాబాయ్,” అంది. “ఉన్నావా అని అడిగారు. నేను పలకడం లేదని తిట్టాను.”

పైఅధికారి ఆమె స్టేట్‌మెంట్ కాగితం ముందుకి జరిపాడు. ఆమె సంతకం చేసింది. ఇక వెళ్ళొచ్చని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు.  ఎక్కడికి వెళ్ళాలో ఆమెకి వెంటనే తోచినట్టు లేదు.

చెవులాయన రికార్డర్ వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. “అది నాకొద్దండి,” అన్నాడు మెల్లిగా.

“నాకివ్వండి,” అంది ఆమె. “కేసు అయిపోయాక.”

ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి చూశాడు. ఎండ ఇంకా గట్టిగానే ఉంది. ఆమె ముందు నడుస్తోంది. వెనక గడియారం. స్టేషన్ మెట్ల దగ్గర ఆయన మోకాళ్ళు పట్టుకుని నిలబడిపోయాడు. ఆమె అప్పటికే కింద ఉంది. వెనక్కి తిరిగి చూసింది. పైకి రాలేదు, చెయ్యీ అందించలేదు. ఆయన ఒక్కో మెట్టూ దిగి కిందికి వచ్చేదాకా అక్కడే, ఎండలో, నిలబడింది.